కిరందుల్ ఎంత దూరం?

సెలవులలో స్వస్థలానికి వెళ్ళినప్పుడు బంధుమిత్రులు మమ్మల్ని తప్పక అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. "మీరు ఉద్యోగం చేసే ఆ బస్తరు ఇక్కడికి ఎంత దూరమండీ?" అని. ప్రశ్న చిన్నదే. కాని దీనికి మా వద్ద నాలుగు సమాధానాలు ఉన్నాయి. భారతదేశ పటం మీద స్కేలు పెట్టి కొలిస్తే వచ్చేది ఒకటి. రైలు ప్రయాణించే కిలోమీటర్లు రెండవది. విమానం గాలిలో ఉండే నిమిషాలు మూడవది. మన గుమ్మం దాటినది మొదలు అవతలి గుమ్మం తొక్కే వరకు గడియారంలో గడిచే గంటలు నాలుగవది. మొదటి మూడింటినీ లెక్కకట్టడం సులువు. మనుషుల బ్రతుకులను నిర్ణయించేది మాత్రం నాలుగవదే. వృత్తిరీత్యా ఇంజనీర్లము గనుక ఈ నాలుగింటినీ వరుసగా లెక్కించి పాఠకుల ముందు ఉంచాలని చాలాకాలంగా అనుకుంటున్నాము.

ముందుగా పటం సంగతి. కిరందుల్ నుండి విశాఖపట్నానికి గీత గీస్తే సుమారు 230 కిలోమీటర్లు. జగదల్‌పూర్ నుండి విశాఖకు 200 కిలోమీటర్ల లోపే. జగదల్‌పూర్ నుండి రాయపూర్‌కు దాదాపు 235, హైదరాబాదుకు 430. అక్షాంశ రేఖాంశాలు తెలిసిన పదవ తరగతి విద్యార్థి అయినా ఈ లెక్క చేయగలడు. ఈ అంకెలు చూసినవారికి బస్తరు మన పెరట్లోనే ఉన్నట్లు తోచును. నిజానికి ఒకప్పుడు అలాగే ఉండేది కూడా. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత ప్రతాపరుద్రుని సోదరుడైన అన్నమదేవుడు గోదావరి దాటి ఈ అడవులకు వచ్చి రాజ్యం స్థాపించాడని బస్తరు రాజవంశపు సంప్రదాయం చెబుతున్నది. దంతేశ్వరీ అమ్మవారు ఆయన వెనుక నడచివచ్చినదనీ, వెనుదిరిగి చూడరాదన్నది నియమమనీ, శంఖిని డంకిని నదుల సంగమం వద్ద ఇసుకలో అందెల సవ్వడి ఆగిపోగా ఆయన వెనుదిరిగి చూశాడనీ, అందుచేత అమ్మవారు దంతెవాడలోనే నిలిచిపోయినదనీ స్థలపురాణం. ఓరుగల్లు నుండి దంతెవాడకు సరళరేఖలో 210 కిలోమీటర్ల పైచిలుకు. అడవిదారిన కాలినడకన ఎంత వేగిరపడినా పక్షం రోజుల పని. ఆనాటి మనిషికి దూరమంటే కిలోమీటర్లు కాదు, మజిలీలు.

ఇక రైలు మార్గం. దీని చరిత్ర మన సంస్థలలో పనిచేసే కుటుంబాలన్నింటికీ తెలియదగినది. బైలడిల్లా ఇనుప ఖనిజం ఎగుమతికై 1960లో జపానుతో ఒప్పందం కుదిరినది. ఏటా 40 లక్షల టన్నులు బైలడిల్లా నుండి, 20 లక్షల టన్నులు కిరిబురు నుండి పంపాలని నిర్ణయం. ఖనిజాన్ని కొండ మీద నుండి రేవుకు చేర్చడానికి 1960వ దశకంలో కొత్తవలస – కిరందుల్ మార్గం నిర్మించారు. కిరందుల్ గని 1968లో, బచేలి గని 1977లో ఉత్పత్తి ప్రారంభించినవి. కొత్తవలస నుండి కిరందుల్‌కు సుమారు 445 కిలోమీటర్లు. విశాఖ వరకు కలుపుకుంటే 470 కిలోమీటర్లు. అంటే పటం మీది 230 కిలోమీటర్లు పట్టాల మీద రెండింతలకు పైగా అయినవి.

ఈ రెండింతలు ఎందుకు అయినవో వివరించడం మాకెంతో ఇష్టమైన పని. కొత్తవలస సముద్రమట్టానికి అంత ఎత్తున లేదు. అనంతగిరి కొండల మీది శిమిలిగుడ స్టేషను మాత్రం 996 మీటర్ల ఎత్తున ఉన్నది. కాశ్మీరు లోయకు రైలు వచ్చేవరకు దేశంలో బ్రాడ్‌గేజి స్టేషన్లన్నింటిలో అత్యంత ఎత్తైనదిగా దీనికి పేరు. రైలు చక్రమూ ఉక్కే, పట్టా ఉక్కే. ఉక్కు మీద ఉక్కు జారును. కావున రైలు మోటారు బండి వలె నిట్టనిలువుగా కొండ ఎక్కలేదు. 60 మీటర్లు ముందుకు సాగినప్పుడు ఒక మీటరు పైకి లేవడం ఈ మార్గానికి పెట్టుకున్న హద్దు. ఆ లెక్కన 900 మీటర్ల ఎత్తు ఎక్కాలంటే కనీసం 54 కిలోమీటర్ల పట్టాలు కావలెను. కొండ అడుగు నుండి కొప్పు వరకు అంత పొడవు లేనప్పుడు మార్గాన్ని లోయల వెంట మెలికలు తిప్పి ఆ పొడవును సృష్టించుకోవాలి. ఆ మెలికల కోసమే 58 సొరంగాలు, 84 పెద్ద వంతెనలు. బొర్రా గుహల వద్ద కిటికీలో నుండి క్రిందికి చూస్తే, అంతకు ముందు దాటివచ్చిన పట్టాలే లోయకు అవతల మరొక రైలు మార్గమేమో అన్నట్లు కనిపించును. మన పిల్లలు సొరంగాలు లెక్కబెడుతూ కేకలు వేసేది ఈ భాగంలోనే.

దీనికి పోలికగా మరొక మార్గం ఉన్నది. ఒక ప్రైవేటు ఉక్కు సంస్థ కిరందుల్ నుండి విశాఖకు ఖనిజాన్ని సన్నగా పొడి చేసి, నీటితో కలిపి గొట్టంలో పంపే ఏర్పాటు చేసుకున్నది. ఆ గొట్టం పొడవు 267 కిలోమీటర్లు. పంపుల బలంతో నడిచే గొట్టానికి రైలుకున్నంత ఎక్కుడు భయం లేదు. అందుచేత అది పటం మీది గీతకు దగ్గరగా పోగలిగినది. ఇటువంటి గొట్టాలలో ఖనిజపు బురద సాధారణంగా సెకనుకు ఒకటిన్నర నుండి రెండు మీటర్ల వేగంతో కదలును. ఆ లెక్కన ఇక్కడ బయలుదేరిన ఖనిజం సముద్రతీరం చేరడానికి ఒకటిన్నర రోజు నుండి రెండు రోజులు పట్టును. దారి దగ్గరైనంత మాత్రాన ప్రయాణం త్వరగా ముగియదనడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ లేదు. అయితే ఖనిజానికి తొందర లేదు. తొందర మనుషులకే.

మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో బస్తరు మధ్యప్రదేశ్‌లో ఉండేది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడినది 2000 నవంబరు 1న. ఆ రోజులలో తెలుగువారి కుటుంబాలకు ప్రాణాధారం విశాఖ – కిరందుల్ ప్యాసింజరు. తెల్లవారుజామున కిరందుల్‌లో బయలుదేరినది రాత్రికి గాని విశాఖ చేరేది కాదు. సుమారు 14 గంటలు. పట్టాల మీద చూస్తే గంటకు 33 కిలోమీటర్లు. పటం మీద చూస్తే గంటకు 16 కిలోమీటర్లు, అంటే తీరికగా సైకిలు తొక్కే మనిషి వేగం. ఒంటి మార్గం గనుక ఎదురుగా ఖనిజపు బండి వస్తున్నదంటే ప్యాసింజరు పక్క పట్టాల మీద ఆగి దారి ఇచ్చేది. అందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. ఆ మార్గం పుట్టినదే ఖనిజం కోసం. మనుషులు ఆ తరువాత ఎక్కినవారు.

1996 ఆగస్టులో ఒక మధ్యాహ్నం, డ్యూటీలో ఉండగా మాకు తంతి వచ్చినది. శృంగవరపుకోట సమీపంలోని మా గ్రామంలో నాన్నగారి పరిస్థితి విషమంగా ఉన్నదని దాని సారాంశం. ఆ రోజు రైలు తెల్లవారుజామునే వెళ్ళిపోయినది. మూడు రోజులుగా ముసురు పట్టి ఉన్నందున సాలూరు ఘాటు మీదుగా రోడ్డు దారి సాగదని లారీ డ్రైవర్లు చెప్పారు. మరునాటి రైలు తప్ప మార్గాంతరం లేదు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు. మా ఆవిడ చపాతీలు చేసి మూటగట్టినది. పక్క క్వార్టరులోని రాజమండ్రి వారు చంటిపిల్లను మేము చూసుకుంటామని తీసుకున్నారు. మరునాడు రైలు ప్రతి స్టేషనులోనూ ఆగినది. కోరాపుట్ దాటాక ఒకచోట గంటకు పైగా నిలిచిపోయినది. ఎదురు వచ్చిన ఖనిజపు బండ్లను మేము లెక్కబెట్టాము. కొండ దిగి కోట చేరేసరికి చీకటి పడినది.

స్టేషనుకు వచ్చిన మా చిన్నాన్నగారి గుండు చూడగానే విషయం అర్థమైనది. పెద్దకొడుకు కోసం మధ్యాహ్నం వరకు చూశారట. వర్షాకాలం, ఊరిలో ఐసు దొరకదు. ఇక లాభం లేదని తమ్ముడి చేత కార్యం జరిపించారు. ఇంటికి వెళ్ళాక అమ్మ మమ్మల్ని ఏమీ అనలేదు. కాసేపటికి, "ఎంతసేపని ఉంచుతాము నాయనా, మరీ అంత దూరమాయె" అన్నది. మా క్వార్టరు నుండి ఆ ఇంటికి పటం మీద 210 కిలోమీటర్లు కూడా లేదు. ఆ మాట అమ్మతో అనలేకపోయాము. ఆమె చెప్పిన దూరమే సరైన దూరమని మాకు ఆ రోజే తెలిసినది.

ఇటువంటి అనుభవం మా ఒక్కరిది కాదు. బైలడిల్లా టౌన్‌షిప్పులలో ఏ నలుగురు పాతవారిని కదిపినా ఇటువంటి కథే వినవచ్చును. ఒకరికి తల్లి, ఒకరికి తోబుట్టువు, మరొకరికి కూతురి పురుడు. అందుకే మన కాలనీలలో ఇరుగుపొరుగు బంధుత్వం బలపడినది. రక్తసంబంధీకులు 14 గంటల దూరంలో ఉన్నప్పుడు గోడకు అవతలివారే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. పురుళ్ళు పోసినదీ, శవాలు మోసినదీ వారే.

ఇది బస్తరుకే పరిమితమైన విషయమా అని ప్రపంచపటం తిరగవేస్తే, ఆఫ్రికాలో మనకు జోడు కనిపించును. ఇథియోపియా రాజధాని అడిస్ అబాబా పీఠభూమి మీద 2,300 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. దాని సరుకులకు ప్రధానమైన రేవు జిబూతి. ఈ రెండు నగరాల మధ్య సరళరేఖలో సుమారు 550 కిలోమీటర్లు, విమానానికి గంట పైచిలుకు పని. ఫ్రెంచివారి కాలంలో మొదలై 1917లో అడిస్ అబాబాకు చేరిన పాత రైలు మార్గం పొడవు 784 కిలోమీటర్లు. 2016లో ప్రారంభమైన కొత్త విద్యుత్ మార్గం కూడా 750 కిలోమీటర్ల చిల్లర ఉన్నది. కొండ మీది ఊరు, సముద్రం ఒడ్డున రేవు, మధ్య మెలికలు తిరిగే పట్టాలు: అచ్చం మన కథే. ఇందుకు భిన్నంగా కాంగో నదికి ఈ ఒడ్డున కిన్షాసా, ఆ ఒడ్డున బ్రాజవిల్ ఉన్నవి. రెండు దేశాల రాజధానులు ఒకదానికొకటి కనిపించునంత దగ్గర. అయినా వాటి మధ్య వంతెన లేదు. పడవ ఎక్కాలి, సరిహద్దు కాగితాలు చూపాలి. దూరాన్ని పెంచేవి కొండలు మాత్రమే కాదన్నమాట.

ఇప్పుడు మూడవ సమాధానం, అంటే విమానం. చిన్న పట్టణాలకు విమానయానం అందించే ఉడాన్ పథకం క్రింద మొదటి విమానం 2017 ఏప్రిల్ 27న సిమ్లా – ఢిల్లీ మధ్య ఎగిరినది. ఆ పథకంలో ఇంజనీర్లకు నచ్చే విశేషం ఒకటి ఉన్నది. ఒక గంట ప్రయాణానికి, అనగా సుమారు 500 కిలోమీటర్లకు, రాయితీ సీటు ధర 2,500 రూపాయలు మించరాదని మొదట నిర్ణయించారు. దూరాన్నీ కాలాన్నీ ఒకే తక్కెడలో తూచిన నిబంధన అది. 2018 జూన్ 14న 20 మంది లోపు పట్టే ఒక చిన్న విమానంతో జగదల్‌పూర్ – రాయపూర్ సర్వీసు ప్రారంభమైనది గాని అది నిలువలేదు. 2020 సెప్టెంబరు 21న అలయన్స్ ఎయిర్ వారు రాయపూర్ – జగదల్‌పూర్ – హైదరాబాదు మార్గంలో ఏటీఆర్ విమానం నడపడం మొదలుపెట్టారు. ఆ రోజు బస్తరులోని తెలుగు కుటుంబాలలో పండుగ వాతావరణమే.

రెండు పంఖాల ఏటీఆర్ విమానం పైన గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగంతో పోవును. 430 కిలోమీటర్లకు భాగిస్తే 52 నిమిషాలు. అయితే విమానం ఎక్కినది మొదలు అదే వేగంతో పోదు. నేల మీద మెల్లగా దొర్లాలి, ఎత్తుకు ఎక్కాలి, దిగేముందు వేగం తగ్గించాలి, శంషాబాదులో తన వంతు వచ్చే వరకు చుట్టు తిరగాలి. వీటికి ఇంచుమించు అరగంట చేర్చుకోవాలి. మొత్తం 80 నిమిషాల చిల్లర. అదే దూరం దర్భా, సుక్మా, కుంట, భద్రాచలం మీదుగా రోడ్డున పోతే 550 కిలోమీటర్లు. రాత్రంతా బస్సులో కూర్చుని మరునాటి పగలులో కొంత కూడా సమర్పించాలి.

ఇంతవరకు విని సంతోషించేవారు నాలుగవ సమాధానం కూడా వినాలి. కిరందుల్ నుండి జగదల్‌పూర్‌కు బచేలి, దంతెవాడ, గీదం మీదుగా మూడు గంటల పైన. విమానాశ్రయంలో గంట ముందు ఉండాలి. శంషాబాదులో దిగి సామాను అందుకుని నగరంలోని ఇల్లు చేరడానికి మరొక గంటన్నర. అన్నీ కూడితే ఏడు గంటలు. గాలిలో గడిపినది అందులో ఐదవ వంతు మాత్రమే. విమానం వేగం రెట్టింపు చేసినా ఈ ఏడు గంటలలో తగ్గేది అరగంటకు మించదు. కిరందుల్ – జగదల్‌పూర్ రోడ్డు బాగుచేస్తే అంతకంటె ఎక్కువ తగ్గును. యంత్రంలో బలహీనమైన భాగాన్ని వదిలి బలమైన భాగాన్ని మరింత బలపరచడం వృథా అని మేము శిక్షణకు వచ్చే కుర్రవాళ్ళకు చెబుతుంటాము. ప్రయాణమూ అటువంటి యంత్రమే.

మరొక సంగతి. ఎంతసేపు అన్న ప్రశ్న పక్కన ఎప్పుడెప్పుడు అన్న ప్రశ్న తప్పక ఉండాలి. వారంలో కొన్ని రోజులే ఎగిరే విమానం మిగతా రోజులలో లేనట్టే. జగదల్‌పూర్ 550 మీటర్ల ఎత్తున ఉన్నది. వేసవిలో వేడెక్కిన గాలి పలుచబడి రెక్కలకు పట్టు తగ్గును. అప్పుడు మోయగల బరువూ తగ్గించుకోవాలి. వానాకాలంలో మబ్బు దిగి చూపు ఆనకపోతే విమానం దిగదు. రైలుకూ ఇటువంటి గండాలు లేకపోలేదు. 2023 సెప్టెంబరులో కోరాపుట్ – జయపురం ఘాటులో మనబార్, జరతి స్టేషన్ల మధ్య కొండచరియ విరిగిపడి మార్గం మూతపడినది. అయినను రైలు బస్తరులోని అందరిదీ. గంప నెత్తిన పెట్టుకుని సంతకు పోయే ఆదివాసీ తల్లి ఎక్కినదీ, ఆసుపత్రికి విశాఖ పోయే మన కార్మికుడు ఎక్కినదీ ఆ పెట్టెలే. విమానం వచ్చినదని ఆ పెట్టెలను మరచిపోరాదు.

2022లో నగర్‌నార్‌లో పనిచేసే ఒక యువ సహోద్యోగికి ఉదయం ఫోను వచ్చినది. హైదరాబాదులో తల్లికి గుండెపోటు, సాయంత్రం ఆపరేషను. ఆ రోజు విమానం ఉన్నది, సీటు దొరికినది. నగర్‌నార్ నుండి విమానాశ్రయం దగ్గర గనుక దారిలో కాలయాపన లేదు. ఆమెను లోపలికి తీసుకువెళ్ళే వేళకు ఆ అబ్బాయి ఆసుపత్రి చేరి చేయి పట్టుకోగలిగాడు. ఆమె కోలుకున్నారు. తిరిగి వచ్చి మాకు మిఠాయి పెట్టి, "సార్, ఎంతో దూరం లేదు సార్ హైదరాబాదు" అన్నాడు. మాకు సంతోషం కలిగినది. అదే సమయంలో, ఆ కబురు విమానం లేని రోజున వచ్చి ఉంటే, లేదా అతడు కిరందుల్‌లో ఉండి ఉంటే అన్న ఆలోచన కూడా కలగకపోలేదు.

కావున ఇక్కడికి కొత్తగా వచ్చే ఉద్యోగులకు, వారి కుటుంబాలకు మా సలహా ఇది. విమానాన్ని నమ్ముకోండి గాని దాని మీదనే ఆధారపడకండి. రైలు వేళలు, రోడ్డు దారి, ఆ దారిలో వాహనం ఇవ్వగలవారి ఫోను నంబర్లు గోడ మీద వ్రాసి పెట్టుకోండి. దూరాన ఉన్న తల్లిదండ్రుల వైద్యుని పేరు, పక్కింటివారి నంబరు మీ వద్ద ఉండాలి. వారి ఆరోగ్యం బాగుండలేదని తెలిసినప్పుడు, కబురు వచ్చేవరకు ఆగక ముందే బయలుదేరండి. అధికారులుగా ఉన్నవారు అటువంటి సెలవు దరఖాస్తు వచ్చినప్పుడు మిగిలిన కాగితాలు పక్కన పెట్టి ముందు దానిపై సంతకం చేయండి. రెండవ రైలు మార్గపు పనులు దశలవారీగా సాగుతున్నాయి. అవి పూర్తి అయితే ఎదురుబండి కోసం ఆగే అవసరం తగ్గును. కిరందుల్ దూరం నిజంగా తగ్గేది ఆనాడు. అంతవరకు, పక్క క్వార్టరు తలుపు ఎప్పుడు తట్టినా తెరుచుకునేలా చూసుకుందాము.